తలుపు వెనక సంసారం

మా ఇంట్లో బాత్రూం తలుపులు తప్ప మిగతావి మూసి ఉండగా చూసినవాళ్లు తక్కువ. పడగ్గది తలుపు ఎండాకాలంలో ఏసీ వేసినప్పుడు మూస్తాం. వంటింటి తలుపు చేపల పులుసు రోజున మూస్తాం, దాంతో వాసన ఆగిందని పక్కవాళ్లెవరూ అనలేదు. పూజగది తలుపుకి బుల్లి గంటలు కట్టించాం, కదిపితే అవి మోగి మా అమ్మ మధ్యాహ్నం కునుకు చెడుతుందని దాన్నీ బార్లా తీసే ఉంచుతాం. ఇలాంటి కొంపలో కాపురముంటూ, తలుపు గోడలోకి జారాలా లేక బందుల మీద తిరగాలా అన్న ప్రశ్న మీద నేను నెలల తరబడి నిద్ర పాడుచేసుకున్నాను. ఇంట్లోవాళ్ల నిద్ర కూడా.

దీని మూలం డాలస్‌లో ఉంది. అక్కడ మా తోడల్లుడు ఇల్లు కొన్నాడు. తోడల్లుడి ఇంటిని వీడియో కాల్లో చూడ్డం ఎంత కష్టమో పెళ్లయిన మగవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వెనకాల పచ్చిక చూపించాడు, ఓర్చుకున్నాను. రెండు కార్ల గ్యారేజీ చూపించాడు, అదీ ఓర్చుకున్నాను. ఆఖర్న బట్టలుతికే గది దగ్గర ఆగి, "బ్రదర్, ఇది చూడండి" అంటూ గోడలోంచి ఒక తలుపు లాగాడు. మళ్లీ ఒక్క వేలితో తోశాడు. తలుపు గోడలోకి వెళ్లిపోయింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, అక్కడ తలుపున్న ఆనవాలే లేదు. నా భుజం మీంచి తొంగిచూస్తున్న మా ఆవిడ, "చాలా బావుంది మరిదిగారూ" అంది. ఇన్నేళ్ల కాపురంలో నేను కొన్న ఏ వస్తువుని చూసీ ఆవిడ ఆ గొంతుతో ఆ మాట అన్న జ్ఞాపకం లేదు.

దాన్ని పాకెట్ డోర్ అంటారట. ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. పైన ఒక ట్రాకు, ట్రాకులో చక్రాలు, చక్రాలకి వేలాడే తలుపు, అది వెళ్లి దాక్కోడానికి గోడలో ఒక డొల్ల. ఇదే మొత్తం రహస్యం. అయినా నాకు ఒక విషయం తెలిసిందంటే దాన్ని ఇంట్లోవాళ్లకి తెలియజేసేదాకా అన్నం సయించదు. పొద్దున్న కాఫీ దగ్గరే ఎత్తుకున్నాను. ఇది కొత్త ఫ్యాషనేమీ కాదనీ, 19వ శతాబ్దంలోనే ఇంగ్లండులో, అమెరికాలో పెద్దిళ్లవాళ్లు ముందు హాలుకీ వెనక హాలుకీ మధ్య ఇలాంటివి పెట్టుకునేవారనీ, విందు రోజున రెండు తలుపులూ గోడల్లోకి తోసేస్తే రెండు గదులూ ఒక్కటయ్యేవనీ చెప్పాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. వింటోంది కదా అని జపాన్ దాకా వెళ్లాను. అక్కడి పాతకాలపు ఇళ్లలో వానకి అడ్డంగా వేసే చెక్క తలుపుల్ని పగటిపూట గోడ పక్కన కట్టిన పెట్టెలోకి తోసేస్తారనీ, ఆ పెట్టెని తొబుకురో అంటారనీ వివరించాను.

"వాళ్లు పక్కలు కూడా పొద్దున్నే మడిచి అరలో పెట్టేస్తారటగా, ముందు ఆ పని మొదలుపెట్టండి" అంది. నా పక్క అప్పటికి ఎత్తలేదు.

చరిత్ర పనిచేయకపోతే గణితం వాడాలి. మా ఫ్లాటులో లోపలి తలుపులు 30 అంగుళాలవి, అంటే రెండున్నర అడుగులు. బందుల మీద తిరిగే తలుపు నేల మీద పావు వృత్తం గీస్తుంది. ఆ పావు వృత్తంలో మంచం వేయలేం, బీరువా పెట్టలేం, బియ్యం డ్రమ్ము కూడా పెట్టలేం. దాని వైశాల్యం దాదాపు 5 చదరపు అడుగులు. చదరపు అడుగు 6,000 రూపాయలనుకుంటే, ఒక్కో తలుపు తిరగడానికి మనం 30,000 ఖర్చుపెట్టి ఖాళీ స్థలం కొన్నట్టు. లోపల ఏడు తలుపులు. మొత్తం రెండు లక్షల పదివేలు. ఇదంతా మా అమ్మాయి కాలేజీ నోటుబుక్కు వెనకపేజీలో బొమ్మ గీసి మరీ చూపించాను.

మా ఆవిడ కామర్స్ చదివింది, ఆ సంగతి నేను అప్పుడప్పుడూ మర్చిపోతుంటాను. పెన్సిలు తీసుకుని అదే బొమ్మ మీద గీత గీసింది. "తలుపు దూరడానికి పక్కన ఇంకో రెండున్నర అడుగుల గోడ కావాలి కదా. ఆ గోడకి మేకు కొడితే?"

"తలుపులోకి దిగుతుంది."

"ఏడడుగుల ఎత్తు, రెండున్నర వెడల్పు. పదిహేడున్నర. ఇవతలా అవతలా కలిపి ముప్ఫైఅయిదు చదరపు అడుగుల గోడ మీద మేకు కొట్టకూడదు. హాల్లో ఆ గోడ మీదేగా మీ నాన్నగారి ఫొటో ఉంది. ఆయన్ని ఎక్కడికి పంపుదామని మీ ఉద్దేశం?"

పక్కగదిలోంచి మా అమ్మ దగ్గింది. గణితం అక్కడితో ఆపేశాను.

వాస్తు తెలిసిన ఒకాయనకి ఫోన్ చేసింది నేను కాదు, మా అమ్మ. ఇంట్లో తలుపుల లెక్క సరిసంఖ్యలో ఉండాలంటారు, చివర సున్నా రాకూడదంటారు. వీధి తలుపుతో కలిపి మావి ఎనిమిది. గోడలోకి పోయిన తలుపుని లెక్కలో ఉంచాలా, తీసేయాలా అని అమ్మ అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మూసి ఉన్నంతసేపూ తలుపే తల్లీ, తీసినప్పుడే అనుమానం" అన్నాడు. మా ఇంట్లో ఏ తలుపూ మూయరన్న సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

అందరూ ఇలా ఎదురు తిరుగుతున్నారన్న ఉక్రోషంతోనే ఒక సాయంత్రం కూకట్‌పల్లి వైపు ఒక ఇంటీరియర్ షోరూంకి వెళ్లాను. అక్కడ ఒక నమూనా గోడ, గోడలో తలుపు. అమ్మే కుర్రాడు "తోయండి సార్" అన్నాడు. తోశాను. చివరికొచ్చేసరికి తలుపు తనంతట తనే వేగం తగ్గించుకుని, పెళ్లికూతురు పీటల మీద కూర్చున్నట్టు నెమ్మదిగా సర్దుకుంది. మళ్లీ లాగాను, మళ్లీ తోశాను. నా వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు, తమ వంతు కోసం. ఆ సాయంత్రం ఆ షోరూంలో ఇంకా ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

మనకి జారే తలుపులు కొత్తవేమీ కాదు. మెట్రోలో రోజూ చూస్తున్నాం. మారుతీ ఓమ్ని వ్యానుకి పక్క తలుపు జారేదే. తెలుగు సినిమాలో కిడ్నాప్ అనగానే ఆ వ్యానే ఎందుకొచ్చేదో నాకు ఈ పరిశోధనలోనే అర్థమైంది. వేరే కారైతే తలుపు బయటికి తెరవాలి, దానికి పక్కన చోటుండాలి, హీరోయిన్ చెల్లెలు ఆ తలుపుకే అడ్డం పడి నిలబడగలదు. జారే తలుపుకి ఆ బెడదలేదు. బండి కదులుతుండగానే లాగేయొచ్చు. ఈ సంగతి కూడా ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి మాత్రం నవ్వింది.

ఇక వడ్రంగి మేస్త్రి వచ్చాడు. నల్లగొండ వైపు మనిషి, మాట తక్కువ. నేను ఫోన్లో డాలస్ వీడియో చూపించాను. పూర్తిగా చూశాడు. తర్వాత మా గోడ దగ్గరకెళ్లి వేలి మెటికలతో కొట్టాడు. ఠక్, ఠక్. "వాళ్లది బోలు గోడ సార్. కట్టెలు నిలబెట్టి అటూ ఇటూ జిప్సమ్ బోర్డు కొడ్తరు. మనది నాలుగున్నర అంగుళాల ఇటుక. తలుపు లోపటికి పోవాల్నంటే ఇటుక బయటికి రావాలె."

నెలల తరబడి నేను చదివినదాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. పోనీ ఇటుక తీసేద్దామన్నాను. అయిదడుగుల పొడవునా గోడ విప్పి, ఇనుప ఫ్రేము పెట్టి, రెండు వైపులా బోర్డు కొట్టాలి. హాలు గోడలో స్విచ్చిబోర్డుంది, దాని వైర్లన్నీ పక్కకి మార్చాలి. వంటింటి గోడలో సింకుకి వెళ్లే పైపుంది. పడగ్గది గోడ చివర పిల్లరు. కనీసం మాది పాత ఫ్లాటు కాబట్టి ఇటుకైనా ఉంది. మైవాన్ షట్టరింగుతో కాంక్రీటు పోసిన కొత్త టవర్లలో ఆ ముచ్చటా లేదు, అక్కడ గోడలే భవనం బరువు మోస్తాయి, వాటిని తొలిస్తే పై అంతస్తువాళ్లు ఊరుకోరు.

"వానాకాలం మా పడగ్గది తలుపు ఉబ్బుతుంది కదా, భుజంతో కుమ్మితే గానీ పడదు. దానికైనా ఇది మంచిది కాదూ?" అన్నాను, ఆఖరి ఆశతో.

"కట్టె ఏడున్నా ఉబ్బుతది సార్. ఇప్పుడైతే బందులు ఊడదీసి రందా పడుతున్న. గోడ లోపట ఉబ్బితే రందా ఏడ పట్టాలె?"

మా ఆవిడ ఆయనకి రెండో కప్పు టీ ఇచ్చింది. మా ఇంటికొచ్చిన పనివాళ్లలో రెండో కప్పు అందుకున్నది ఆయనొక్కడే.

ఆవిడ అసలు భయం ఇటుకా కాదు, రందా కాదు. బల్లి. గోడలో చీకటి డొల్ల ఉంటే అందులోకి ముందు దూరేది తలుపు కాదు, బల్లి. దాని వెనక బొద్దింకలు. చీపురు పోదు, గుడ్డ పోదు, చేయి పోదు. నేను షోరూంకి ఫోన్ చేసి అడిగాను. "అంచుకి బ్రష్ పట్టీ వస్తుంది సార్, దుమ్ము ఆపుతుంది" అన్నాడు కుర్రాడు. బల్లిని ఆపుతుందా అన్నాను. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్" అన్నాడు, నొచ్చుకున్నట్టు.

ఇన్ని చెప్పాక కూడా నేను తగ్గలేదు. ఇటుక తీసినా సరే, వైర్లు మార్చినా సరే, కనీసం పడగ్గదికి ఒక్కటి పెట్టి తీరాలన్నాను. అప్పుడు మా ఆవిడ వాదించడం మానేసింది. "సరే. పాత తలుపు ఊడదీస్తారుగా, ముందు దాని వెనక ఖాళీ చేయండి" అంది.

తలుపు వెనకకి వెళ్లాను. అయిదు కొక్కేల పట్టీ ఒకటి, అది చాలక విడిగా కొట్టిన మేకులు. పైనుంచి మొదలుపెట్టాను. నిన్నటి చొక్కా. మొన్నటి చొక్కా. లుంగీ. ఒక పూట తొడిగిన ప్యాంటు. పెళ్లిళ్లకి వేసే పైజమా, మళ్లీ ముహూర్తం ఉంది కదా అని ఉతక్కుండా ఉంచింది. రేషన్ షాపుకి తీసుకెళ్లే గుడ్డసంచీ, అందులో ఇంకో ఏడెనిమిది సంచులు. గొడుగు. పిడి లేని గొడుగు. బెల్టు. స్వెట్టరు. నేను పోయిందనుకుని కొత్తది కొనుక్కున్న పాత బెల్టు. మంకీ క్యాపు. అన్నిటి కిందా ఒక పాత క్యాలెండరు, వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది కాబట్టి పారేయలేనిది.

మంచం నిండింది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇదంతా ఒక్క తలుపు వెనకేనా?" అంది. తలుపు మూయకుండా ఉండటం మా ఇంట్లో బద్ధకం అనుకునేవాణ్ణి. కాదు. తలుపు తీసి గోడకి ఆనిస్తేనే ఇవన్నీ కనబడకుండా ఉంటాయి. మా తలుపులు గదిని మూయడానికి కాదు, నన్ను మూయడానికి.

ఇందులో సగం బట్టల సంగతి లోకానికి చెప్పుకోవాలి. ఒకసారి తొడిగి విప్పిన చొక్కా ఉంటుంది. అది మాసింది కాదు, మాసిన బట్టల బుట్టలో వేస్తే "ఇప్పుడేగా ఇస్త్రీ చేయించాను" అంటారు. ఉతికిందీ కాదు, బీరువాలో పెడితే "చెమట బట్ట మంచి బట్టల్లో కలిపేశారు" అంటారు. ఆ త్రిశంకు చొక్కాకి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక చోటు తలుపు వెనక కొక్కెం. డాలస్‌లో వాళ్లకి ఈ చొక్కా లేదా? లేదట. మా తోడల్లుణ్ణి అడిగాను. విప్పింది విప్పినట్టు మిషన్లో వేసేస్తాడట. తలుపు గోడలోకి తోసే ముందు ఆ సంస్కారం అలవడాలని నాకెవరూ చెప్పలేదు.

వంటింటి తలుపు వెనక మా ఆవిడ రాజ్యం. అక్కడ వెంకట్రామా క్యాలెండరు, దాని మీద పాల లెక్క, గ్యాస్ సిలిండర్ మార్చిన తారీఖులు, పనిమనిషి నాగాలు. కింద చీపురు, చేట. ఆవిడ తన తలుపు గురించి ఒక్క మాటా అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు.

మా అమ్మమ్మగారి ఊళ్లో తలుపులకి ఇనుప బందులుండేవి కావు. రెక్కకే పైనా కిందా కొమ్ములు చెక్కి, పైన ఒక బెజ్జంలోనూ కింద గడప పక్కనున్న గుంటలోనూ దింపేవారు. తీస్తే వీధి చివరిదాకా కిర్రుమని వినబడేది. ఆ తలుపు మూల రోకలి, చాప చుట్ట, లాంతరు. ఇంటికి ఎవరైనా మగవాళ్లొస్తే తలుపు చాటున అమ్మమ్మ. కనబడదు, గాజులు వినబడతాయి. తాతగారు ఏదైనా తప్పు ధర చెబితే ఆ గాజులు గట్టిగా మోగేవి, ఆయన వెంటనే ధర మార్చేసేవారు.

నా పెళ్లి కూడా తలుపు సందులోంచే ఖాయమైంది. పెళ్లిచూపుల్లో నేను సోఫాలో బుద్ధిమంతుడిలా కూర్చుని ఉండగా, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య బందుల దగ్గర ఉండే సన్నని సందులోంచి మా ఆవిడ బామ్మగారు అరగంట పాటు నన్ను పరీక్షించారు. మిరపకాయ బజ్జీ తిన్నాక రుమాలు దొరక్క నేను చేయి సోఫా గుడ్డ అడుగున తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. "కుర్రాడు శుభ్రం తక్కువే గానీ, గుట్టుగా చేస్తాడు. చేసేయండి" అన్నారట ఆవిడ లోపలికెళ్లి. పాకెట్ డోరైతే ఆ సందు ఉండేదే కాదు. నా అర్హత ఎవరికీ తెలియకుండా పోయేది.

జారే తలుపు నిజంగా అవసరమైన చోటు మా ఇంట్లో ఒకటుందని మా ఆవిడే కనిపెట్టింది. అది హాలు కాదు, నా పడగ్గదీ కాదు. అమ్మ బాత్రూం. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. వాకర్‌తో లోపలికెళ్లి, ఒక మూలకి జరిగి, వాకర్ తిప్పి, అప్పుడు తలుపు తోయాలి. ఆ తిప్పడంలోనే కాలు జారేది. ఒకవేళ లోపల పడితే, తలుపుకి అడ్డంగా పడితే, బయటనుంచి మనం ఎంత తోసినా రాదు, తోసేకొద్దీ ఆవిడకే తగులుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్రూం తలుపు లోపలికి తెరుచుకోకూడదన్న ముక్క నేను చదివిన వాటిలో కూడా ఉంది. నేను ఆ పేరా దాటేసి కింద ఉన్న బొమ్మలు చూశాను. ఇది మాత్రం నవ్వులాటగా చెప్పలేను.

మేస్త్రిని మళ్లీ పిలిచాం. ఆ గోడలో గీజరు పైపులున్నాయి, పాకెట్‌కి వీల్లేదు. గోడ బయటివైపు ట్రాకు కొట్టి తలుపు వేలాడదీయొచ్చు గానీ అటు పక్కన అమ్మ మందుల అలమర. మేస్త్రి తలుపు రెండుసార్లు తీసి మూసి, "బయటికి తిప్పుదాం సార్" అన్నాడు. ద్వారబంధంలో తలుపు ఆనే గాడి లోపలివైపుంది, దాన్ని సరిచేసి, బందులు ఇటు మార్చి, బయటనుంచి పైసా బిళ్లతో తిప్పి తీయగలిగే గొళ్లెం బిగించాడు. పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి ముగించాడు. ఇటుక కదల్లేదు. నాన్నగారి ఫొటో కదల్లేదు.

ఒక్క ఇబ్బంది ఉంది. బాత్రూం తలుపు తీసినప్పుడు దాని లోపలి ముఖం ఇప్పుడు నడవలోకి వస్తోంది. అక్కడ కొక్కేలకి వేసిన తువ్వాళ్లు, నా బనీన్లు హాల్లో కూర్చున్న చుట్టాలకి దర్శనమిస్తున్నాయి. ఆ కొక్కేలు పీకేయమని నాకు ఆజ్ఞ అయింది, అవి కూడా నా పడగ్గది తలుపు వెనకకే చేరాయి. ఆ తలుపు ఇప్పుడు గోడకి పూర్తిగా ఆనడం లేదు, సగంలోనే ఆగిపోతోంది. చదరపు అడుగుల్లో ఆ నష్టం ఎంతో లెక్క వేయలేదు.

షోరూం సంగతి చెబుతానన్నాను. ఆ సాయంత్రం పండగ ఆఫర్ ఆఖరి రోజన్నాడు ఆ కుర్రాడు. ట్రాకు, రోలర్లు, నెమ్మదిగా మూసే యంత్రం, బ్రష్ పట్టీ, అన్నీ కొనేశాను. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు కింద ఉంది, తర్వాత చదివాను. అట్టపెట్టె సీలు కూడా విప్పలేదు, అటక మీద దుప్పట్ల వెనక ఉంది. మీలో ఎవరికైనా కావాలంటే కొన్న ధరలో సగానికి ఇచ్చేస్తాను. 30 అంగుళాల తలుపుకి సరిపోతుంది. అయిదడుగుల గోడ ఉండాలి, అందులో వైరు, పైపు, పిల్లరు ఉండకూడదు. వచ్చేటప్పుడు మా ఆవిడ గుడికెళ్లే వేళ చూసుకుని, శనివారం సాయంత్రం రండి.